గ్రెవిల్లియా పాదులో పాలు

కొందరి చేతికి చలవ ఉంటుందనీ, వాళ్ళు నాటితే ఎండుపుల్ల కూడా చిగురిస్తుందనీ మనవాళ్ళలో గట్టి నమ్మకం ఉంది. ఆ చలవ ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే ప్రేమ నుంచి అంటారు. ప్రేమంటే ఏమిటని అడిగితే వేళకు ఇంత పెట్టడం అంటారు. ఈ మాటల్లో అబద్ధం లేదు. అయితే ఒక నమ్మకం ఎన్నిసార్లు ఫలించిందో చూస్తే దాని లోతు తెలియదు. అది ఎక్కడ ఆగిపోతుందో చూడాలి. సిడ్నీకి పడమట పెండిల్ హిల్‌లో ఉండే సత్యభామ విషయంలో అది ఆగిపోయిన చోటు, పెరటి కంచెను ఆనుకుని ఉన్న బారెడు మట్టి.

ఆమె పేరు ఆ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో కరివేపాకుతో కలిసి వినిపిస్తుంది. చలికాలపు గాలికి ఆకు రాల్చేసిన కరివేపాకు మొక్కల్ని కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కూడా పెట్టి, ఆమె ఇంటికి తీసుకొస్తారు. రెండు వీధుల అవతల ఉండే నీలిమ అయితే ఏటా తెస్తుంది.

"ఆంటీ, దీన్ని ఐసీయూలో చేర్చుకోండి."

"ఏం పెడుతున్నావు దీనికి?"

"ఏమో ఆంటీ, అదంతా మా ఆయన డిపార్ట్‌మెంటు."

"మీ ఆయన్ని చూస్తే ఆయనకే ఏమీ పెడుతున్నట్టు లేదు. చిక్కిపోయాడు పాపం. సరే, మొక్కను అక్కడ పెట్టి వెళ్ళు."

పుల్లటి మజ్జిగ, బియ్యం కడిగిన నీళ్ళు, మాగిన పశువుల ఎరువు. వేసవి వచ్చేసరికి ఆ మొక్క నిగనిగలాడుతూ నీలిమ ఇంటికి తిరిగి వెళ్ళేది. ఇందులో సగం పని ఈ దేశంలో ఉత్తరం నుంచి పడే ఎండను రోజంతా పట్టి ఉంచుకునే ఇటుకగోడ చేసేదన్న మాట కూడా చెప్పుకోవాలి. గోడకు పేరు రాదు కనుక ఆ పేరు కూడా సత్యభామకే వచ్చింది. ఆమె కాదనలేదు.

బాపట్ల నుంచి ఆమె ఇక్కడికి వచ్చి పాతికేళ్ళు దాటింది. భర్త శేషగిరి రైల్వే సిగ్నళ్ళ సాఫ్ట్‌వేరు పనిలో చేరి, అందులోనే రిటైరయ్యాడు. ఆమె మాత్రం ఇప్పటికీ వారంలో మూడు రోజులు చిన్నపిల్లల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తుంది. అక్కడ చేరిన కొత్తలో ఆమెకు మింగుడుపడని నియమం ఒకటుండేది: పిల్లవాడి ముందు కంచం పెట్టాలి, తినమని బలవంతం చేయకూడదు. వద్దంటే తీసేయాలి. కొసరి తినిపించడం, కథ చెప్పి ఇంకో ముద్ద పెట్టడం అక్కడ తప్పు. ఆమె ఆ నియమాన్ని ఇన్నేళ్ళూ తు.చ. తప్పకుండా పాటించింది. పాటించడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఇంటికొచ్చి, "పాపం, ఆ పిల్లాడు సగం ఆకలితోనే పడుకున్నాడండీ," అని శేషగిరితో అనని వారం లేదు.

ఇంట్లో ఆమె పాటించే నియమం ఒకటే. పెళ్ళయిన కొత్తలో అత్తగారు ఉసిరికాయంత బాణలింగాన్ని ఆమె చేతిలో పెట్టి, "మిగతావి కుదిరితే చెయ్యి, లేకపోతే లేదు. సోమవారం పాలు మాత్రం మానకమ్మా," అంది. ఆ మాట అన్న మనిషి పోయి చాలా కాలమైంది. మాట ఉంది. ప్రతి సోమవారం ఉదయం డ్యూటీకి వెళ్ళే ముందు పాలు, పెరుగు, తేనె, చివర నీళ్ళు. చెరొక ఉద్ధరిణె తీర్థం. గిన్నెలో మిగిలినది ఎవరి కాలూ పడని చోట మట్టిలో పోయాలి.

ఎవరి కాలూ పడని మట్టి ఆ ఇంట్లో దొరకడం కష్టం. గడ్డి కోసే బాధ లేకుండా పాత యజమాని పెరడంతా సిమెంటు పోయించాడు. ఇంటి ముందర గడ్డిపట్టీ ఉంది కానీ, పొద్దున్నే వీధిలోని కుక్కలన్నీ తమ యజమానుల్ని అక్కడికే నడిపిస్తాయి. మిగిలింది బట్టలారేసే తీగల వెనక, కంచె పక్కనున్న ఆ బారెడు నేల. అందులో గోంగూర వేసింది. ఏళ్ళ తరబడి సోమవారపు పాలు ఆ గోంగూర పాదుల్లోకే వెళ్ళాయి. ఆకు అరచేయంత వచ్చేది. దేవుడి పాలు తాగిన గోంగూర అని వచ్చినవాళ్ళకు చెప్పి మరీ కోసిచ్చేది.

ఆ నేలను వాళ్ళమ్మాయి తన్మయి అడిగింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. టీచరుగా ఉత్తరాన ఎక్కడో కేథరీన్ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, రెండేళ్ళ కాంట్రాక్టు. వెళ్ళే ముందు పెరట్లో నిలబడి చుట్టూ చూసి అంది:

"అమ్మా, మన బ్యాక్‌యార్డ్‌లో ఈ దేశం మొక్క ఒక్కటి కూడా లేదు. నాట్ ఈవెన్ వన్."

"నువ్వున్నావుగా."

"ఐయామ్ సీరియస్. ఆ గోంగూర ప్లేస్ నాకివ్వు."

సత్యభామ ఇచ్చింది. తేలిగ్గా ఇవ్వలేదు, గోంగూర ఆఖరి కోతతో రెండు జాడీల పచ్చడి పెట్టుకుని ఇచ్చింది. తన్మయి ఆ బంకమట్టిని తిరగేసి, ఇసుక, కంకర కలిపి, దిబ్బగా ఎత్తు చేసి, దాని మీద గ్రెవిల్లియా నాటింది. మోకాలెత్తు పొద. ఆకులు చీలికలు చీలికలుగా, పైన ముదురాకుపచ్చ, కింద వెండి రంగు. ఇది ఆకు రాల్చదనీ, నలభై డిగ్రీల ఎండను కూడా లెక్కచేయదనీ, ఏడాదిలో చాలా నెలలు పూస్తూనే ఉంటుందనీ చెప్పింది. చివర చేతులు దులుపుకుంటూ ఒక షరతు పెట్టింది.

"ఎరువు వెయ్యకూడదు. అస్సలు. ప్రామిస్ చెయ్."

"తిండి పెడితే చచ్చిపోయే ప్రాణి ఎక్కడైనా ఉంటుందే?"

"ఇక్కడుంది. ఈ నేల చాలా ఓల్డ్, అమ్మా. బలం లేని మట్టిలో బతకడం దీనికి అలవాటు. ఫాస్ఫరస్ పడితే తట్టుకోలేదు. జస్ట్ లీవ్ ఇట్ అలోన్."

"సరే, వెయ్యనులే."

ఆ మాట ఆమె నిలబెట్టుకుంది. ఇది ముఖ్యం. మజ్జిగ పోయలేదు, బియ్యం నీళ్ళు పోయలేదు, ఎరువు బస్తాను ఆ దరిదాపులకు కూడా రానీయలేదు. కరివేపాకు కుండీలకు పెట్టి చేతులు కడుక్కున్నాకే ఆ మొక్క దగ్గరకు వెళ్ళేది. సోమవారపు పాలు మాత్రం ఎప్పటిలాగే అక్కడే పోసింది. వాటిని ఆమె ఎప్పుడూ ఎరువనుకోలేదు. అవి దేవుడి మీద నుంచి జారినవి, తొక్కకూడనివి, మట్టికి అప్పగించవలసినవి. ఒక వస్తువు పవిత్రమైన వెంటనే అందులోని పదార్థం మన కంటికి కనిపించకుండా పోతుంది. చదువుకున్నవాళ్ళకూ అంతే, చదువుకోనివాళ్ళకూ అంతే.

మొదటి వసంతంలో గ్రెవిల్లియా బాగానే పూసింది. పగడపు రంగు పువ్వులు, దువ్వెన పళ్ళలా ఒకే వైపుకు వంగి ఉండేవి. వాటి తేనె కోసం రంగురంగుల లోరికీట్ చిలకలు దిగి, తలకిందులుగా వేలాడుతూ, శేషగిరి పేపరు చదువుకోవడానికి వీల్లేకుండా రభస చేసేవి. కేథరీన్‌లో తన్మయికి మొదటి నెలలు కష్టంగానే గడిచాయి. కొత్త ఊరు, కొత్త బడి, తెలిసిన ముఖం ఒక్కటి లేదు. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ ముఖం కనబడగానే, "ముందు నా మొక్కని చూపించు," అనేది. ఫోను తెర మీద ఆ మొక్క ఫొటోనే పెట్టుకుంది. ఇంటి నుంచి ఆ పిల్ల కోరుకున్నది అదొక్కటేనని సత్యభామకు అర్థమైంది. దాన్ని బతికించి అప్పగించడం తన పని అనుకుంది.

రెండో వేసవిలో ఆకులకు జబ్బు మొదలైంది. ముందు చివర్లు మాడాయి. తరువాత ఈనెలు పచ్చగా ఉండి, మధ్యభాగం పసుపుపచ్చగా పాలిపోయింది. ఇంటి వైపున్న కొమ్మలు ఒకటొకటిగా ఎండుతూ వచ్చాయి. సత్యభామ నీళ్ళు తగ్గించి చూసింది, పెంచి చూసింది. ఆకుల వెనక పురుగు ఉందేమోనని కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టుకుని వెతికింది. నీలిమ వచ్చి దిష్టి తగిలిందని తేల్చి, గుమ్మడికాయ కట్టమంది.

"ఈ దేశం మొక్కకు మన దిష్టి ఎలా తగులుతుందే?"

"చిలకలు అంతంతసేపు చూస్తుంటే తగలదా ఆంటీ?"

నవ్వారు కానీ సత్యభామ నవ్వులో పస లేదు. ఇతరుల మొక్కలు బతికించే మనిషి ఇంట్లో కూతురి మొక్క చస్తోంది. ఆదివారాలు ఆమె ఫోనును కంచె వైపు నుంచి పట్టుకోవడం మొదలుపెట్టింది. అటువైపు ఆకు ఇంకా పచ్చగానే ఉంది. రెండు మూడు పువ్వులు కూడా ఉన్నాయి. తన్మయి చూసి, "లుక్స్ హ్యాపీ," అనేది. శేషగిరి వెనకనుంచి చూస్తూ ఉండేవాడు. ఒకరోజు అన్నాడు:

"సంబంధానికి వచ్చినప్పుడు మీ నాన్న కూడా ఇలాగే నిన్ను కిటికీకి ఒక పక్కన కూర్చోబెట్టాడు."

"ఆ పక్కన వెలుతురుందని కూర్చోబెట్టాడు. మీకు వేళాకోళంగా ఉంది."

"లేదు సత్యా. దానికి నిజం చెప్పెయ్యి."

"చెప్పి ఏం చెయ్యమంటారు? అక్కడ ఒంటరిగా ఉన్న పిల్లకు ఇదొక్కటే కదండీ ఉన్నది."

ఒక శనివారం ఆమె నర్సరీకి వెళ్ళి అదే రకం మొక్కను చూసి వచ్చింది. అదే ఆకు, అదే పువ్వు, దాదాపు అంతే ఎత్తు. పాతది తీసి ఇది పెడితే ఫోనులో తేడా తెలియదు. కొనలేదు. అలాగని ఆ ఆలోచన మానుకోనూ లేదు.

అప్పుడే మెల్‌బోర్న్ నుంచి కబురు వచ్చింది. కేరమ్ డౌన్స్‌లో ఉండే చెల్లెలు వసంతకు మోకాలి ఆపరేషన్. సాయానికి వెళ్ళాలి. బయలుదేరే ముందు సత్యభామ శేషగిరికి ప్రతి కుండీ పేరుపేరునా అప్పగించింది. దేవుడి దగ్గర దీపం పెట్టమంది. సోమవారం అభిషేకం గురించి చెబుతుండగానే ఆయన చేతులెత్తేశాడు.

"దీపం వరకే నా పూచీ. మంత్రాలు, గిన్నెలు నా వల్ల కాదు."

"వారం వారం మానితే ఎలాగండీ?"

"ఆయన ఏమీ అనుకోడు. నన్ను ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాడు."

చెల్లెలి ఇంటి పక్కనే గుడి ఉంది కనుక సోమవారాలు అక్కడ దర్శనం చేసుకుంటానని తనకు తాను సర్దిచెప్పుకుని వెళ్ళింది. వసంత కర్ర వదిలి నడిచేదాకా ఉంది. ఆ చలికాలం సిడ్నీలో వానలు దంచికొట్టాయి. తిరిగి వచ్చిన రోజు పెట్టె లోపల పెట్టకుండానే పెరట్లోకి నడిచింది. గ్రెవిల్లియా ఇంటి వైపు కొమ్మలు ఎండినవి ఎండినట్టే ఉన్నాయి. కానీ వాటి మొదళ్ళలో, కొత్తగా, వెండి నూగుతో చిగుళ్ళున్నాయి. వాటి చివర్లు మాడలేదు.

"ఏం చేశారు దీనికి?"

"ఏమీ చెయ్యలేదే."

"ఏదో చేశారు. చెప్పండి, నేనేమీ అననులే."

"ఒట్టు సత్యా. ఆ మొక్క ముఖమే చూడలేదు. నీ కరివేపాకులకే నా నడుం పడిపోయింది."

ఆమె అక్కడే సిమెంటు మెట్టు మీద కూర్చుంది. ఏమీ చేయకపోవడంలో, తను చేసేదేదో ఒకటి లోపించి ఉండాలి. ఎరువు ఎటూ వేయలేదు. నీళ్ళా? వాన తన కంటే ఎక్కువే పోసింది. పురుగుల మందా? ఎప్పుడూ కొట్టలేదు. మరి ఈ నెలల్లో ఆ పాదులోకి రానిది ఏమిటి? జవాబు చాలాసేపటి కిందటే తెలిసినట్టుంది. తెలిసిందని ఒప్పుకోవడానికే అంతసేపు పట్టింది. లేచి లోపలికి వెళ్ళి, ఫ్రిజ్‌లోంచి పాల సీసా తీసి, దాని మీద చిన్న అక్షరాల్లో ఉన్న పోషకాల వివరం కోసం తిప్పి తిప్పి చూసింది. కాల్షియం ఉంది. ఫాస్ఫరస్ మాట లేదు. తన్మయికి ఫోన్ చేసింది. ఆదివారం కాదు కనుక ఆ పిల్ల కంగారుపడింది.

"పాలల్లో ఫాస్ఫరస్ ఉంటుందా తనూ?"

"ఉంటుంది. క్వైట్ ఎ లాట్. ఎందుకు?"

సత్యభామ ఫోనును పెరట్లోకి తీసుకెళ్ళి, మొదటిసారిగా ఇంటి వైపు నుంచి పట్టుకుంది. ఎండిన కొమ్మలన్నీ చూపించింది. సోమవారాల సంగతి, ఇన్నాళ్ళూ కెమెరా తిప్పిన సంగతి, నర్సరీలో చూసి వచ్చిన మొక్క సంగతి ఒక వరసలో చెప్పేసింది.

"సో, మార్చేద్దామనుకున్నావా? నాకు చెప్పకుండా?"

"అనుకున్నాను."

"అమ్మా, నేను ఇక్కడ కెమెరా తిప్పలేదా? ఫస్ట్ టర్మ్ అంతా ఏడ్చి, ముఖం కడుక్కుని నీకు కాల్ చేసేదాన్ని."

ఇది సత్యభామకు కొత్త సంగతి. మెట్టు మీద మళ్ళీ కూర్చుంది.

తన్మయే అందుకుంది. "లిజన్. నాయనమ్మ చెప్పిన పాలు నువ్వు మానక్కర్లేదు. ఇట్స్ జస్ట్ ఎ ప్లాంట్. పోతే ఇంకోటి వేసుకుందాం, వేరే ఎక్కడైనా. నిజంగా. నేనేమీ అనుకోను."

ఆ మాటతో సమస్య తీరిపోవలసింది. తీరలేదు. అడిగినవాళ్ళే అడగడం మానుకున్నాక, ఇక చేసే పని ఎవరికోసం అన్నది తేల్చుకోవలసింది మిగిలినవాళ్ళే. ఆ వారమంతా సత్యభామ అదే ఆలోచించింది. భోజనాల దగ్గర శేషగిరితో దారులన్నీ వెదికింది.

"ముందర గడ్డిలో పోస్తే?"

"కుక్కలకు పండగ."

"కరివేపాకు కుండీల్లో?"

"తేనెకు చీమలు పడతాయి. పైగా ఆ మొక్కలు ఊళ్ళోవాళ్ళవి. నిర్మాల్యం పోసిన పాదులో ఆకు కోసి పులుసులో వేసుకోమని ఎలా ఇస్తాను?"

"గోంగూర మాత్రం ఇచ్చావుగా."

"అది గొప్ప అనుకుని ఇచ్చాను. ఇప్పుడలా అనిపించడం లేదు."

"సింకులో..." అని మొదలుపెట్టి, ఆమె చూపు చూసి ఆయన మాట మార్చాడు. "పోనీ మొత్తం నేనే తాగేస్తాను. తీర్థమేగా."

"మీ కొలెస్ట్రాల్‌కు డాక్టరు నన్ను తిడతాడు."

ఇంతకీ తప్పు పాలదేనని రుజువు లేదన్న సంగతి ఆమెకూ తెలుసు. అంత వాన పడింది, మట్టిని కడిగి ఉండవచ్చు. చలికాలంలో ఎండ తగ్గినందువల్లనే కోలుకుని ఉండవచ్చు. ఇంకో ఏడాది పాలు పోసి చూస్తే నిజం తేలుతుంది. కానీ ఆ నిజం తెలిసేది మొక్క పోయాకే. అంతగా తెలుసుకోవలసిన అవసరం తనకు లేదనుకుంది. ఎవరినైనా పంతులుగారిని అడగమని నీలిమ చెప్పింది. అడిగితే ఏదో ఒక వెసులుబాటు చెబుతారని సత్యభామకు తెలుసు. ఇంకొకరు ఇచ్చిన వెసులుబాటు మీద అత్తగారి మాట మార్చడం ఆమెకు నచ్చలేదు. మారిస్తే తనే మార్చాలి, మార్చినట్టు తనకు తెలిసి ఉండాలి.

ఆమె కొత్తగా ఏ సత్యాన్నీ కనుగొనలేదు. ప్రేమ గురించి తన అభిప్రాయం పూర్తిగా మార్చుకున్నదని కూడా చెప్పలేం. నీలిమ తెచ్చిన తరువాతి కరివేపాకుకు యథావిధిగా మజ్జిగ పోసింది, అది యథావిధిగా కోలుకుంది. పిల్లల సంరక్షణ కేంద్రంలో సగం కంచం వదిలేసిన పిల్లవాణ్ణి చూస్తే ఇప్పటికీ ఆమె చేయి ముందుకు వెళ్తుంది. అయితే ఆ వారంలో ఎప్పుడో ఒక విషయం ఆమెకు స్పష్టమైంది: అభిషేకం అయిపోయాక గిన్నెలో మిగిలినది ఎక్కడికో ఒకచోటికి వెళ్తుందనీ, అక్కడ ఒక ప్రాణి ఉంటుందనీ. పూజ దేవుడి పీట మీద పూర్తయిపోదు. అభిషేకపు నీరు పారి ఆగిన చోటు వరకూ పూజ చేసినవారి బాధ్యతే. ఈ సంగతి ఆమె శేషగిరితో చెప్పినప్పుడు ఆయన పేపరు దించి, "ఇది బాగుంది," అని మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. ఆయన దగ్గర అది పెద్ద మెప్పు.

తరువాతి సోమవారం ఆమె ఎప్పటిలాగే తలస్నానం చేసి దేవుడి ముందు కూర్చుంది. లింగం మీద పాలు పోయలేదు, పెరుగు పోయలేదు, తేనె పోయలేదు. రాగిచెంబులో పట్టిన మంచినీళ్ళతో అభిషేకం చేసింది. పాలు చిన్న వెండిగిన్నెలో పోసి పక్కన నైవేద్యంగా పెట్టింది. పూజ అయ్యాక ఆ పాలతో ఇద్దరికీ కాఫీ కలిపింది. నీళ్ళు తీసుకెళ్ళి గ్రెవిల్లియా పాదులో పోసింది. ఎండిన కొమ్మలు కత్తిరించేసింది. దానివల్ల పొద ఒక వైపు బోసిగా, వంకరగా ఉంది. ఆ వంకర సరిచేయడానికి ఏమీ చేయలేదు. నర్సరీ మొక్క కొనలేదు. అప్పటినుంచి సోమవారాలు ఈ పద్ధతిలోనే జరుగుతున్నాయి.